నగరంలోనూ, శివార్లలోనూ కుక్కతో నడక: దారి ఎలా చూసుకోవాలి, ఎంత దూరం, ఏం మోసుకెళ్ళాలి

నాలుగుపాదాలు (చర్చ మొదలుపెట్టినవారు)

కుక్కతో నడవడానికి ఏ చోటు బాగుంటుందని అడిగేవాళ్ళే ఎక్కువ. చోటు పేరు చెప్పి వదిలేస్తే పని జరగదు. చలికాలం పొద్దున్నే హాయిగా ఉన్న దారే ఎండాకాలం సాయంత్రం అరికాళ్ళకు బొబ్బలు తెప్పిస్తుంది. అందుకే ఊళ్ళ పేర్లు, దుకాణాల పేర్లు, "మా వాడు ఒకసారి..." కబుర్లు పక్కన పెట్టి, దారిని ఎలా పరీక్షించాలో ఇక్కడ పోగేద్దాం. అంకెలు, కారణాలు, ఎక్కడ ఏది చెడుతుందో రాయండి.

నా వరుస ఇది. కొత్త దారికి మొదటిసారి కుక్కను తీసుకెళ్ళకుండా ఒంటరిగా వెళ్ళి నాలుగు చూడాలి.

నేల: మట్టి, గడ్డి, రాలిన ఆకులు మంచివి. తారు, సిమెంటు, గ్రానైటు పలకలు ఎండకు కాలతాయి. కంకర, పదునైన గుండ్రాళ్ళ మీద అర కిలోమీటరు దాటితే ఇంటిపట్టున ఉండే కుక్క అరికాళ్ళు అరుగుతాయి.

నీడ: చెట్లు ఉన్నాయా అని కాదు, మీరు నడిచే గంటలో ఆ నీడ దారి మీద పడుతుందా అని. ఉదయం దారికి తూర్పున చెట్లుంటే నీడ దారి మీదికి వస్తుంది. సాయంత్రం అవే చెట్లు అక్కరకు రావు.

నీరు: పారే నీరా, నిలవ నీరా.

బయటపడే దారి: మధ్యలో కుక్క నడవలేకపోతే బండి ఎంత దగ్గరికి రాగలదు? చాలామంది అసలు చూడనిది ఇదే.

గుట్టలబాట

నాలుగోదాని దగ్గరే ఆగుతాను. 8 కిలోల కుక్కను చంకనేసుకుని దిగొచ్చు. 30 కిలోల లాబ్రడార్ కాలు కోసుకుంటే రాళ్ళ దారిలో ఒక్కరే మోసుకురావడం జరిగే పని కాదు. కాబట్టి పెద్ద కుక్కతో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు, వెళ్ళిన దారినే తిరిగొచ్చే పొడవాటి బాటకన్నా ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే దారి ఎంచుకోవాలి. మధ్య ముడి దగ్గర బండి. మొదటి చుట్టు అయ్యాక కుక్క ఎలా ఉందో చూసి రెండోది వెళ్ళాలా వద్దా తేల్చుకోవచ్చు, నీళ్ళూ అక్కడే నింపుకోవచ్చు.

గుట్ట ఎక్కేటప్పుడు దూరం లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 3 మైళ్ళకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. అంటే సుమారు 100 మీటర్ల ఎత్తు ఎక్కితే పది నిమిషాలు కలపాలి. ఇది మనిషి లెక్క. కుక్క వాసన చూడ్డానికి ఆగే సమయం, నీళ్ళ సమయం కలిపి దాని మీద మూడో వంతు వేసుకోండి. ఎండ ఎక్కేలోపు దిగిపోవాలంటే ఈ మూడో వంతే తేడా తెస్తుంది.

ఇంకో మాట. కుక్క అలసిపోయానని చెప్పదు. మనం ఆగేదాకా వెంట వస్తూనే ఉంటుంది. అది కూర్చుండిపోయిందంటే వెనక్కి తిరగాల్సిన సమయం ఎప్పుడో దాటిందన్నమాట. ముందు నడిచేది మీ పక్కకు వచ్చిందా, పక్కన నడిచేది వెనకబడిందా, నీడ కనిపించగానే అటు లాగుతోందా, ఇవి చూస్తుండాలి. వీటిలో ఒకటి కనిపిస్తే తిరుగుముఖం పట్టడమే.

కొత్తపిల్ల

నాలుగు నెలల పిల్లను ఎంత దూరం నడిపించవచ్చు? వయసు నెలలు ఇంటూ ఐదు నిమిషాలు అని చాలాచోట్ల చదివాను. అంటే ఇరవై నిమిషాలేనా?

వెట్‌నోట్సు

ఆ ఐదు నిమిషాల సూత్రానికి పరిశోధన ఆధారం లేదు. అతి చేయకుండా ఆపుతుంది కాబట్టి హాని కూడా లేదు. అసలు విషయం ఎముకల చివర ఉండే ఎదుగుదల పొర. చిన్న జాతుల్లో ఏడాది లోపే మూసుకుంటుంది, భారీ జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. అది మూసుకునేదాకా ఇబ్బంది పెట్టేవి మూడు: ఒకే వేగంతో గట్టి నేల మీద పరిగెత్తించడం, మెట్లు పదే పదే దించడం, ఎత్తు నుంచి దూకించడం. గడ్డిలో తనంతట తాను ఆగుతూ, వాసన చూస్తూ తిరిగితే అరగంటైనా ఫరవాలేదు. సైకిల్ పక్కన పది నిమిషాలు పరిగెత్తించినా తప్పే.

నాలుగు నెలలంటే దూరం కన్నా ముందు టీకాలు చూడాలి. పిల్లల టీకాల వరుసలో ఆఖరిది 16 వారాలకు లేదా ఆ తర్వాత పడాలి. అది పడ్డాక ఒకటి రెండు వారాలు ఆగి అప్పుడు కుక్కలు ఎక్కువ తిరిగే పార్కులకు వెళ్ళండి. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అక్కడ ఇప్పుడు కుక్క లేకపోయినా, ఎప్పుడో వచ్చి వెళ్ళినది వదిలేసి ఉండొచ్చు. అలాగని అప్పటిదాకా ఇంట్లో మూసి పెట్టొద్దు. చంకనెత్తుకుని రోడ్డు, బస్సుల చప్పుడు, గొడుగులు, సైకిళ్ళు చూపించండి. 3 నుంచి 14 వారాల మధ్య చూసినవాటికి పెద్దయ్యాక బెదరడం తక్కువ.

చెరువుగట్టు

వేడి గురించి ఎవరైనా వివరంగా రాయండి. పొద్దున తీరిక లేక సాయంత్రం ఐదున్నరకు వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఎండ తగ్గింది కదా అనుకుంటారు.

వెట్‌నోట్సు

ఐదున్నరకు గాలి చల్లబడుతుంది, తారు చల్లబడదు. పగలంతా పీల్చుకున్న వేడిని సూర్యుడు దిగాక కూడా గంటల తరబడి వదులుతూనే ఉంటుంది. గాలి 30 డిగ్రీల దగ్గరున్నా, నేరుగా ఎండ తగిలే తారు 50 దాటగలదు. మనకు గాలి తగిలేది ముఖం ఎత్తులో. కుక్క పొట్ట నేలకు ఒక జానెడు, మూరెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి కింది సెగంతా దానికే. వేసవిలో తెల్లవారుజామే సరైన వేళ. సాయంత్రమే కుదిరితే పూర్తిగా చీకటిపడ్డాక, మట్టి దారిలో.

పరీక్ష తెలిసిందే: అరచేయి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు. ఉంచలేకపోతే కుక్క నడవకూడదు. ఇంటి ముందు నీడలో కాదు, దారి మొత్తంలో ఎండ బాగా తగిలే చోట చెయ్యి పెట్టి చూడండి.

కుక్క ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు. దాని వేడి ఎక్కువగా రొప్పడం ద్వారానే పోతుంది, అంటే నాలుక, ముక్కు లోపలి తడి ఆవిరవ్వాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరే అవదు. అందుకే మబ్బు పట్టిన ఉక్కపోత రోజు, పొడిగా ఉండే ఎండ రోజంత ప్రమాదం. పగ్, బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు రొప్పే దారే ఇరుకు. వీటితో ఉక్కపోతలో గుట్టలెక్కే ఆలోచనే వద్దు. లావుగా ఉన్నవి, ముసలివి, నల్ల బొచ్చువి, గొంతులో గురక శబ్దం వచ్చేవి కూడా దాదాపు అదే వరసలోకి వస్తాయి.

వడదెబ్బ గుర్తులు వరుసగా: రొప్పు ఆగినా తగ్గకపోవడం, నాలుక వెడల్పై చివర గరిటెలా విచ్చుకోవడం, చిక్కటి జిగురు చొంగ, ఎర్రబడ్డ చిగుళ్ళు, తూలడం, వాంతి లేదా విరేచనం, ఆ తర్వాత పడిపోవడం. మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

చేయాల్సింది: ముందు చల్లార్చడం, తర్వాత ఆసుపత్రికి. ఈ వరుస మార్చకండి. నీడలోకి తెచ్చి, దొరికిన నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, చంకలు, తొడల లోపలి వైపు పోస్తూ, గాలి తగిలేలా విసరండి. బొచ్చు పైపైన తడిస్తే చాలదు, వేళ్ళతో పాయలు తీసి నీళ్ళు చర్మానికి చేరనివ్వాలి. స్పృహలో ఉంటే తాగడానికి కొద్దికొద్దిగా పెట్టండి, నోట్లో పోయొద్దు. థర్మామీటరు ఉంటే 39.5 దగ్గరికి రాగానే నీళ్ళు ఆపండి, లేకపోతే వణుకు మొదలై అతిగా చల్లబడుతుంది. బండిలో కిటికీలు తీసి లేదా ఏసీ వేసి తీసుకెళ్ళండి. లేచి తోక ఊపినా సరే వైద్యుడికి చూపించాల్సిందే. మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే తీరు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా చెడొచ్చు.

చెరువుగట్టు

తడి తువ్వాలు కప్పి ఉంచితే చాలదా? అందరూ అదే చెబుతారు.

వెట్‌నోట్సు

కప్పి ఉంచితే రెండు నిమిషాల్లో తువ్వాలు ఒంటి వేడి పట్టేసి, గాలి తగలకుండా అడ్డుపడుతుంది. కింద పరిచి పడుకోబెట్టడానికి వాడండి. పైన కప్పి వదిలేయొద్దు. నీళ్ళు మరీ తక్కువుంటే తడిపి తుడవడం, విసరడం, మళ్ళీ తడపడం.

పొడవుతాడు

ఇక లీష్ సంగతి. నగరంలో 1.5 నుంచి 1.8 మీటర్ల మామూలు లీష్ చాలు. శివార్లలో, ఖాళీ మైదానాల్లో 5 నుంచి 10 మీటర్ల పొడవాటి తాడు. దాన్ని ఎప్పుడూ కాలర్‌కు తగిలించకండి. పది మీటర్లు పరుగు తీసిన కుక్క ఒక్కసారిగా తాడు చివరికి వస్తే ఆ ఊపు అంతా మెడ మీద పడుతుంది. హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీల కట్టు) వీపు రింగుకే తగిలించాలి. చేతికి చుట్టుకోకండి, వేళ్ళు విరిగేది అక్కడే. మడతలు మడతలుగా అరచేతిలో పట్టుకుని, మిగతాది నేల మీద జారనివ్వండి. గ్లవ్స్ ఉంటే మంచిది.

హార్నెస్ రొమ్ము దగ్గర "వై" ఆకారంలో ఉండాలి. భుజాలకు అడ్డంగా పట్టీ పోయేవి ముందుకాళ్ళ కదలికను కట్టేస్తాయి, గంటల నడకకు పనికిరావు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, పొట్ట పట్టీ మోచేతికి రెండు మూడు వేళ్ళు వెనక ఉండాలి. అంతకన్నా ముందుంటే చంకలో ఒరుసుకుంటుంది. ఆ పుండు నడక మధ్యలో కనపడదు, ఇంటికొచ్చాక నాకడం మొదలుపెడితే తెలుస్తుంది. కొన్నాక ఒక పరీక్ష చేయండి: లీష్ పట్టుకుని కుక్కకు ఎదురుగా నిలబడి మెల్లగా మీ వైపు లాగండి. బెదిరిన కుక్క వెనక్కి జారి తప్పించుకునేది ఈ పద్ధతిలోనే. తల బయటికొస్తే ఆ సైజు పనికిరాదు. గ్రేహౌండ్ లాంటి సన్నతల జాతులకు పొట్ట వెనక రెండో పట్టీ ఉన్నవి చూడాలి.

రాత్రినడక

సాగే చక్రం లీష్ (తాడు పిడిలోకి చుట్టుకుపోయేది) ఎందుకు వద్దంటారు చాలామంది? పార్కులో సౌకర్యంగా ఉంటుంది కదా.

పొడవుతాడు

ఖాళీ పార్కులో సరే. రోడ్డు పక్కన వద్దు. సన్నటి తాడు కాలికి చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది. లాక్ బొత్తాం అరిగితే అవసరమైన క్షణంలో పట్టదు. చేతిలోంచి జారి పడితే ఆ ప్లాస్టిక్ పిడి దడదడమంటూ కుక్క వెనకే పడుతుంది, కుక్క ఇంకా బెదిరి ట్రాఫిక్‌లోకి పరిగెడుతుంది. పైగా ఎప్పుడూ కొద్దిగా బిగువుగా ఉంటుంది కాబట్టి, లాగితే దారి వస్తుందని కుక్క నేర్చుకుంటుంది.

రాత్రినడక

ఒప్పుకుంటాను. రాత్రి నడిచేవాళ్ళకు నా వంతు.

కాలర్ మీద చిన్న దీపం తప్పనిసరి, మీ ఒంటి మీదా వెలుగుపట్టీ ఉండాలి. వాహనం వచ్చే వైపు మీరు, లోపలి వైపు కుక్క. సైకిళ్ళు, నడిచేవాళ్ళు కలిసి వాడే దారిలో వెనక గంట వినపడగానే లీష్ కురచ చేసి పక్కకు ఆగండి. లీష్ దారికి అడ్డంగా సాగి ఉండటమే అక్కడి ప్రమాదాలకు మూలం.

వాన పడ్డ రాత్రి వీధి దీపాల స్తంభాల మొదళ్ళు, నేలలోని ఇనప మూతలు తప్పించి నడవండి. ఇన్సులేషన్ చెడిన తీగల నుంచి తడి నేలలోకి కరెంటు దిగుతుంది. మనకు చెప్పులుంటాయి, కుక్కకు ఉండవు. కుక్క ఉన్నట్టుండి కేకపెట్టి కాళ్ళు ఎగరేస్తే దాన్ని ముట్టుకోకుండా లీష్‌తోనే పక్కకు లాగండి, అదీ పొడిగా ఉన్న లీష్ అయితేనే.

ఎలుకల మందు పెట్టే గోదాములు, తిండి దుకాణాల వెనక సందులు వద్దు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే ఉంటుంది, ఆ తర్వాత చిగుళ్ళు తెల్లబడి నీరసపడుతుంది. తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. పొట్లం కవరు ఉంటే వెంట తీసుకెళ్ళండి, ఏ మందో తెలిస్తే వైద్యం మారుతుంది.

గుట్టలబాట

లీష్ విప్పడం గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పిలిస్తే పదికి పదిసార్లు రాని కుక్కను శివారు అడవిలో విప్పకూడదు. ఇంట్లో వస్తుంది, పార్కులో వస్తుంది, కుందేలు పరిగెత్తినప్పుడు రాదు. పొడవుతాడు మీద, అడ్డంకులు పెంచుకుంటూ నేర్పాలి. గొంతు కన్నా విజిల్ మేలు. కంగారులో మన గొంతు మారుతుంది, విజిల్ మారదు.

రక్షిత అడవుల్లో చాలాచోట్ల కుక్కలకు అసలు ప్రవేశం ఉండదు. దీన్ని కక్ష అనుకునేవాళ్ళున్నారు. కుక్కల డిస్టెంపర్ వైరస్ 1994లో సెరెంగెటీలో సింహాలకు సోకి దాదాపు మూడో వంతు పోయాయి. టీకా వేయించిన కుక్క అయినా, అది దగ్గరికి వస్తే నేల మీద గూడు కట్టే పక్షులు గుడ్లు వదిలి ఎగిరిపోతాయి. బోర్డు లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదు, ముందురోజే అడిగి వెళ్ళండి.

పశువుల మంద ఎదురైతే చుట్టి వెళ్ళండి, దూడలుంటే ఇంకా దూరం. ఆవు తరిమితే లీష్ వదిలేయాలి. ఆవు గురి కుక్క మీద. కుక్క తప్పించుకోగలదు, కుక్కను పట్టుకున్న మనిషి తప్పించుకోలేడు.

కొత్తపిల్ల

దారిలో యజమాని లేని కుక్కలు మీదికొస్తే? మా పిల్లను ఎత్తుకోవాలనిపిస్తుంది.

పొడవుతాడు

ఎత్తుకుంటే అవి మీ మీదికి ఎగురుతాయి. అయినా మరీ చిన్న పిల్ల అయితే వేరే దారి లేదు, ఎత్తుకుని గోడకో బండికో వీపు ఆనించండి. పెద్ద కుక్క అయితే మీ వెనక్కి తెచ్చుకుని, పరిగెత్తకుండా, వాటి కళ్ళలోకి చూడకుండా, పక్కవాటుగా అడుగులు వేస్తూ వాటి హద్దు దాటండి. జేబులో గుప్పెడు తిండి పలుకులు ఉంచుకుని వాటి వెనక పడేలా విసిరితే సాధారణంగా అరనిమిషం దొరుకుతుంది. ఎక్కువగా అవి తమ సందు చివరి దాకానే వస్తాయి. రోజూ అదే సందులోంచి వెళ్ళాలని పంతం పట్టకండి.

వెట్‌నోట్సు

కాటు పడితే: పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. మనిషికైనా, కుక్కకైనా ఇదే. మీ కుక్కకు రేబిస్ టీకా ఉన్నా మళ్ళీ వేయించాలి. మనిషికి పడితే అదే రోజు ఆసుపత్రి. పైకి చిన్న రంధ్రంలా కనిపించే కోరగాటు లోపల కండను చీల్చి ఉంటుంది, పైన అతికించి వదిలేయొద్దు.

చెరువుగట్టు

నీళ్ళ గురించి నేను రాస్తాను.

చెరువు అంచున పచ్చటి పెయింటు ఒలికినట్టో, నీలి ఆకుపచ్చ తెట్టులా, బఠాణీ గుజ్జులానో కనిపిస్తే కుక్కను దగ్గరికి పోనివ్వకండి. తాగక్కర్లేదు, ఈది వచ్చి బొచ్చు నాకినా చాలు. ఆ నాచు విషానికి విరుగుడు లేదు, గంటల్లో ప్రాణం పోవచ్చు. వేడిగా, గాలి పెద్దగా లేని రోజుల్లో తెట్టు గాలివాటు ఒడ్డున పోగవుతుంది. పొరపాటున దిగితే వెంటనే మంచినీళ్ళతో కడిగి, నాకకుండా పట్టుకుని వైద్యుడి దగ్గరికి.

వాన తర్వాత నిలిచిన గుంటల్లో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దాని టీకా ఏటా వేయించాలి. చెరువుగట్ల మీద నడిచేవాళ్ళు దీన్ని వాయిదా వేయొద్దు.

బంతి నీళ్ళలోకి విసిరే ఆట పది నిమిషాలకొకసారి ఆపండి. నోరు తెరిచి ఈదే కుక్క ఎంత నీరు మింగుతుందో తెలియదు. అతిగా మింగితే రక్తంలో సోడియం పడిపోయి తూలడం, వాంతులు, ఫిట్స్ వస్తాయి. గుండ్రటి బంతికన్నా పలచగా ఉండేది విసిరితే నోరు అంతగా తెరవదు.

వెంట తీసుకెళ్ళే నీళ్ళు: కుక్కకు మామూలు రోజున కిలోకు 50 నుంచి 60 మి.లీ. కావాలి, 20 కిలోల కుక్కకు లీటరు పైమాట. నడకలో అంతకన్నా ఎక్కువే. మూడు గంటల నడకకు అదే కుక్కకు ఒక లీటరు తాగడానికి, ఇంకో లీటరు ఒంటి మీద పోయడానికి విడిగా పెట్టుకోండి. ఈ రెండో సీసా ముట్టుకోకుండా తిరిగొస్తే మంచి నడకే. ఇరవై నిమిషాలకోసారి వంద మి.లీ. చొప్పున పెట్టండి. ఒకేసారి గిన్నె నిండా పోస్తే గటగటా తాగి కక్కేస్తుంది.

గుట్టలబాట

దీనికి తిండి కూడా కలపాలి. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతు రొమ్ము జాతులకు నడకకు ముందు, తర్వాత కనీసం గంటన్నర కడుపునిండా పెట్టొద్దు. పొట్ట ఉబ్బి మెలిపడితే డోకుతుంది కానీ ఏమీ బయటికి రాదు. ఆ గుర్తు కనిపిస్తే ఆపరేషన్ తప్ప మార్గం లేదు, నిమిషాలు లెక్క. దారిలో చిన్న పలుకులు ఇవ్వొచ్చు. మీరు తినే ఎండుఫలాల పొట్లం మాత్రం జిప్పు వేసి లోపల పెట్టండి, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలకు విషం. జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన చూయింగ్ గమ్ కూడా కుక్కకు విషమే.

కొత్తపిల్ల

పిడుదులకు ఏం చేస్తారు? మందు చుక్కలు వేశాం, అయినా చెవిలో ఒకటి కనిపించింది.

వెట్‌నోట్సు

చాలా మందులు పిడుదు కుట్టకుండా ఆపవు, కుట్టాక చంపుతాయి. కాబట్టి ఒకటి కనిపిస్తే మందు పనిచేయలేదని కాదు. చుక్కల మందు వేసిన రెండు రోజులు స్నానం చేయించారా చూసుకోండి, మందు సరిగా పనిచేయకపోవడానికి అదొక కారణం. మింగే మాత్రల్లో కొన్ని నెల, కొన్ని మూడు నెలల దాకా పనిచేస్తాయి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఆ సంగతి వైద్యుడికి చెప్పకుండా ఈ మాత్రలు వేయకండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు జోలికి పోకండి, పిల్లికి అది ప్రాణాంతకం.

నడక అయ్యాక ఇంట్లోకి రాకముందే వెతకండి: చెవి లోపలి మడతలు, కనురెప్పలు, కాలర్ కింద, చంకలు, గజ్జలు, తోక కింద, వేళ్ళ మధ్య. వేళ్ళ కొసలతో బొచ్చుకు ఎదురుగా తడమాలి, కళ్ళకన్నా చేతికే త్వరగా తెలుస్తుంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కాల్చడం, కిరోసిన్ పూయడం, నూనె పోయడం వద్దు. ఊపిరాడక అది తన కడుపులోది పుండులోకి కక్కుతుంది. పొట్ట పట్టుకుని నొక్కినా అదే జరుగుతుంది.

ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, తిండి మానడం, ముక్కునుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం కనిపిస్తే పిడుదు కుట్టిన సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించండి.

పిడుదుల కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి గడ్డి ముళ్ళు. ఎండిన గడ్డి కంకి కొన బాణం ములుకులా ఒకే దిక్కుకు దూరుతుంది. వేళ్ళ మధ్య దూరితే లోపలికే పోతూ చీము పట్టిస్తుంది. నడక నుంచి రాగానే తల ఒక పక్కకు వంచి విదిలిస్తుంటే చెవిలో దూరినట్టు, ఆగకుండా తుమ్ముతుంటే ముక్కులో. ఈ రెండూ ఇంట్లో లాగే పనులు కావు.

నాలుగుపాదాలు

సంచిలో ఏముండాలో కలిపి రాస్తున్నాను, తప్పులుంటే సరిచేయండి. సెలైన్ సీసా, గాజ్ గుడ్డ (పుండు మీద వేసే పలచటి నూలు గుడ్డ), తనకు తానే అతుక్కునే బ్యాండేజీ చుట్ట, పట్టకారు, తువ్వాలు, పొట్ట కింద వేసి ఎత్తడానికి వెడల్పాటి గుడ్డ, మూతి చిక్కం, మలం సంచులు, ఫోను నంబరు చెక్కిన బిళ్ళ. చర్మం కింద మైక్రోచిప్ వేయించినా బిళ్ళ ఉండాలి. చిప్‌లో బ్యాటరీ ఉండదు, అది ఎక్కడుందో చూపదు, స్కానర్ పెడితే నంబరు మాత్రమే ఇస్తుంది. జీపీఎస్ పరికరం చాలావరకు మొబైల్ నెట్‌వర్క్ మీదే ఆధారపడుతుంది, గుట్టల మధ్య లోయలో పనిచేయకపోవచ్చు.

వెట్‌నోట్సు

మూతి చిక్కం రాసినందుకు సంతోషం. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. అయితే వాంతి చేసుకుంటున్నా, వడదెబ్బ తగిలినా అది వేయకూడదు.

మనుషుల నొప్పి మాత్రలు ఆ సంచిలో కుక్క కోసం పెట్టొద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండు పెడుతుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

అరికాలు తెగితే: సెలైన్ ధారతో ఇసుక పోయేదాకా కడగండి. గాజు ముక్క లోతుగా గుచ్చుకుని ఉంటే అక్కడ లాగొద్దు. గాజ్ గుడ్డ పుండు మీద పెట్టి, వేళ్ళ మధ్య కూడా కొంచెం కొంచెం పెట్టండి, లేకపోతే చెమ్మకు ఒరుసుకుని కొత్త పుళ్ళు పడతాయి. కింది నుంచి పైకి, ప్రతి చుట్టు ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. అతుక్కునే బ్యాండేజీని చుట్ట నుంచి ముందు విప్పి వదులు చేసుకుని తర్వాత చుట్టండి. సాగదీస్తూ చుడితే ఉచ్చులా బిగుస్తుంది. నడిమి రెండు వేళ్ళ గోళ్ళు కనపడేలా వదలండి. ఆ రెండు గోళ్ళు ఒకదానికొకటి దూరం జరిగితే పాదం వాస్తోందని అర్థం, వెంటనే విప్పాలి. ఇది ఇంటిదాకా రావడానికే, రోజుల తరబడి ఉంచడానికి కాదు.

పాము కాటుకు: కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. కాలర్, హార్నెస్ విప్పండి, వాపు వస్తే అవే బిగుస్తాయి. నడిపించకుండా మోసుకెళ్ళండి. ఏ ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఉందో ఇంటి నుంచి బయల్దేరకముందే ఫోన్ చేసి తెలుసుకుని ఉండాలి.

రాత్రినడక

మలం సంచుల గురించి ఒక్క మాట. "అడవిలో ఎరువవుతుంది" అనేవాళ్ళకు: కుక్క మలంలోని గుండ్రటి పురుగుల (రౌండ్‌వార్మ్) గుడ్లు మట్టిలో రెండు నుంచి నాలుగు వారాల్లో సోకే దశకు వస్తాయి, ఆపైన ఏళ్ళ తరబడి బతుకుతాయి. పిల్లలు ఆడే చోట అది వాళ్ళ కంటికి కూడా ముప్పు. సంచిలో కట్టి పొదకు వేలాడదీసి "వచ్చేటప్పుడు తీసుకుంటా" అనడం అసలే వద్దు. చెత్తబుట్ట లేని చోట 15 నుంచి 20 సెం.మీ. లోతు గుంట తీసి, నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో పూడ్చండి. నగర పార్కులో మాత్రం పూడ్చడం కుదరదు, వెంట తెచ్చుకోవాల్సిందే.

చెరువుగట్టు

బూట్లు వేయిస్తే అరికాళ్ళ గొడవ పోతుందా? రెండు జతలు కొన్నా, నాలుగడుగులకే తిరిగిపోతున్నాయి.

గుట్టలబాట

తిరిగిపోతున్నాయంటే సైజు పెద్దది. కుక్కను నిలబెట్టి, కాగితం మీద ఆ పాదం పెట్టి, ఎదుటి పాదం ఎత్తి పట్టుకోండి. బరువు పడి పాదం విచ్చుకున్నప్పుడు వెడల్పు గీసి కొలవాలి, పొడవు కన్నా అదే ముఖ్యం. చాలా కుక్కల ముందు పాదాలు వెనకవాటి కన్నా వెడల్పు, నాలుగూ ఒకే సైజు కొంటే వెనకవి జారతాయి. ఇంట్లో ఐదేసి నిమిషాలు అలవాటు చేసి అప్పుడు బయటికి. గంటకోసారి విప్పి ఇసుక దులపండి, లోపల చేరిన ఒక్క రాయి చాలు. బూట్లు వేసినా ఎండలో నడిపించడానికి అది అనుమతి కాదు. అరికాలు కాలదు గానీ వడదెబ్బ ఆగదు. కంకరకు, పదును రాళ్ళకు మాత్రం భేషుగ్గా పనికొస్తాయి.

పొడవుతాడు

లోపలి వైపు బొటనగోరు ఉన్న కుక్కలకు పట్టీ సరిగ్గా ఆ గోరు మీద పడుతుంది. గోరు కింద బిగించండి, లేదా లోపల పలచటి సాక్సు వేయండి. ఆ గోరును నెలకోసారి కత్తిరించడం మర్చిపోకండి, నేలకు తగలదు కాబట్టి అది దానంతట అది అరగదు.